పాత ఎక్స్కవేటర్లలో సమాచార లోపాలు: నిర్ధారణ పద్ధతి

హైడ్రాలిక్ ఎక్స్కవేటర్లో ఇంజిన్ కంట్రోలర్, పంపు కంట్రోలర్, క్యాబిన్‌లోని మానిటరు ఒకదానితో ఒకటి విద్యుత్ సందేశాలతో మాట్లాడుకుంటూ పనిచేస్తాయి. ఆ సందేశాలు ఆగిపోయినా, దారిలో చెడిపోయినా దాన్ని సమాచార లోపం అంటారు. డీజిలు అందుతూనే ఉంటుంది, హైడ్రాలిక్ ఆయిలు నిండుగా ఉంటుంది, బ్యాటరీలు బాగుంటాయి. అయినా బండి స్టార్టు కాదు. స్టార్టయినా ఒకే ఆర్‌పీఎం దగ్గర నిలిచిపోయి బూమ్ ఎత్తడానికి ఆయాసపడుతుంది. మానిటరు మీద ఒక కోడ్ పడుతుంది. మరమ్మతు ఏ దారిన పోతుందన్నది ఆ కోడ్‌ను చదివే తీరు మీద ఉంటుంది. ఫలానా పెట్టె చెడిపోయిందని ఆ కోడ్ చెప్పదు. ఫలానా చోటు నుంచి రావలసిన సందేశం రాలేదని మాత్రమే చెబుతుంది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే బాగున్న కంట్రోలర్లు విప్పి పక్కన పెట్టడం, ఖరీదైన కొత్తది బిగించాక కూడా అదే కోడ్ మళ్లీ పడటం జరుగుతుంటాయి. చేతులు మారిన బండిలో సందేశం రాకపోవడానికి కారణాన్ని ముందు కరెంటు సరఫరాలో, ఎర్త్‌లో, తీగల్లో, కప్లర్లలో వెతకాలనీ, కంట్రోలర్ మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతమంతా మెట్ట, రాతినేల. కుప్పం గ్రీన్ పేరుతో బయటి మార్కెట్లకు వెళ్లే గ్రానైటు ఇక్కడి క్వారీలదే. హంద్రీ-నీవా సుజల స్రవంతిలో భాగమైన పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు ఈ నేలను తవ్వుకుంటూనే వచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి వైపు సాగే 42వ నంబరు జాతీయ రహదారికి, వాల్మీకిపురం, పీలేరు మీదుగా తిరుపతి వైపు వెళ్లే 71వ నంబరు రహదారికి, పలమనేరు ప్రాంతం గుండా పోయే బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేకి కూడా మట్టిని, రాయిని కదిలించే యంత్రాలే ఆధారం. పెద్ద పనుల్లో వేల గంటలు నడిచిన బండ్లు తర్వాత చేతులు మారి చెరువు పూడికతీతకు, లేఅవుట్లకు, చిన్న క్వారీలకు చేరడం ఈ రంగంలో మామూలే. చిత్రమేమిటంటే ఎక్స్కవేటర్ల తయారీ ఈ ప్రాంతానికి దూరమేమీ కాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో కోబెల్కో కర్మాగారం ఉంది. కుప్పం సరిహద్దు దాటితే కోలారు బంగారు గనుల పట్టణంలో బీఈఎంఎల్ ఉంది. బెంగళూరు పీణ్యలో వోల్వో ఉంది. కానీ మూడో చేతికో, నాలుగో చేతికో వచ్చిన బండి వెంట దాని వైరింగు డ్రాయింగు రాదు. మధ్యలో ఎవరు ఏ తీగ కోసి ఎక్కడ కలిపారన్న చరిత్ర అసలే రాదు.

ఈ లోపాలు కొత్త తరం యంత్రాలతోనే మొదలయ్యాయి. ఎల్ అండ్ టీ తయారుచేసిన పొక్లెయిన్ యంత్రాల కాలంలోనూ, 1984లో టాటా సంస్థ హిటాచీతో కుదుర్చుకున్న సాంకేతిక ఒప్పందం తర్వాత వచ్చిన తొలి బండ్లలోనూ విద్యుత్తు పని స్టార్టరు, లైట్లు, గేజీల వరకే. జనం ఇప్పటికీ ఏ కంపెనీ ఎక్స్కవేటర్‌నైనా ప్రొక్లెయినర్ అనో హిటాచి అనో పిలవడం ఆ రోజుల జ్ఞాపకమే. తర్వాతి మెట్టులో, హిటాచి ఈఎక్స్-5 తరం లాంటి వాటిలో, ఇంజిన్ యాంత్రికంగానే ఉంది. దాని గవర్నర్ లీవరును లాగడానికి ఒక చిన్న మోటారు, పంపును అదుపు చేయడానికి ఒక కంట్రోలర్ వచ్చాయి. అక్కడ ఒక్కో సంకేతానికి ఒక్కో తీగ ఉండేది. తీగ తెగితే ఆ ఒక్క పనే ఆగేది. కామన్ రెయిల్ ఇంజిన్లు వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఇంజెక్టరు ఎప్పుడు తెరుచుకోవాలో, రెయిల్‌లో పీడనం ఎంత ఉండాలో ఇంజిన్ కంట్రోలరే నిర్ణయిస్తుంది. పంపు ఎంత లోడ్ తీసుకోవాలో ఇంకో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. ఈ రెండూ క్షణక్షణం మాట్లాడుకోకపోతే ఇంజిన్ మీద మోయలేని లోడ్ పడుతుంది, లేదా ఉన్న శక్తి వృథా అవుతుంది. మన దేశంలో చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-4 ఉద్గార ప్రమాణాలు ఈ ఎలక్ట్రానిక్ ఇంజిన్లను జేసీబీ లాంటి బ్యాక్‌హో లోడర్లలోకీ విస్తారంగా తెచ్చాయి. అంటే మరో కొన్నేళ్లలో మదనపల్లె షెడ్లకు వచ్చే సెకండ్‌హ్యాండ్ బండ్లలో ఈ రకానివే ఎక్కువగా ఉంటాయి.

రెండు తీగల మీద సంభాషణ

కంట్రోలర్లు మాట్లాడుకునే ఏర్పాటు పేరు క్యాన్. జర్మనీ సంస్థ బాష్ 1983లో దీని మీద పని మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్‌లో బయటపెట్టింది. 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. లారీలు, ట్రాక్టర్లు, నిర్మాణ యంత్రాల కోసం దాని మీద జే1939 అనే భాషను కట్టారు. ఎక్స్కవేటర్ కంపెనీలు కొన్ని దీన్నే వాడతాయి, కొన్ని దీనితోపాటు తమ సొంత సందేశాలనూ కలుపుతాయి. కంటికి కనిపించేది మెలివేసిన రెండు తీగలు మాత్రమే: క్యాన్ హై, క్యాన్ లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ దాదాపు 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. ఒక కంట్రోలర్ మాట్లాడేటప్పుడు హై సుమారు 3.5కి ఎక్కుతుంది, లో సుమారు 1.5కి దిగుతుంది. వినేవాళ్లు ఒక్కో తీగ వోల్టేజీని విడిగా చూడరు, రెండింటి మధ్య తేడాను చూస్తారు. ఆల్టర్నేటరు, స్టార్టరు, సోలినాయిడ్లు పుట్టించే అలజడి రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా చెడదు. తీగలను మెలివేయడం అందుకే. జే1939లో సాధారణ వేగం సెకనుకు 2,50,000 బిట్లు. అంటే ఒక బిట్ ఆయుష్షు 4 మైక్రోసెకన్లు, ఒక పూర్తి సందేశం అర మిల్లీసెకనుకు అటూఇటూ. ఇంత వేగంలో తీగ చివర తగిలిన సంకేతం వెనక్కి తిరిగివచ్చి తర్వాతి బిట్‌ను చెడగొట్టకుండా ప్రధాన తీగ రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టరు ఒక్కోటి పెడతారు. ఈ రెండు రెసిస్టర్లే తర్వాత మెకానిక్‌కు ఎక్కువగా అక్కరకొస్తాయి.

కోడ్ ఎలా పుడుతుందో ఇప్పుడు చూడవచ్చు. ఇంజిన్ వేగం లాంటి సందేశాలు సెకనుకు పదుల సార్లు వస్తుంటాయి. పంపు కంట్రోలర్ వాటికోసం ఎదురుచూస్తుంది. నిర్ణీత వ్యవధి దాటినా రాకపోతే అది తన జ్ఞాపకంలో ఒక లోపం రాసుకుంటుంది. జే1939లో ఆ నమోదుకు రెండు భాగాలుంటాయి. ఎస్‌పీఎన్ అనే సంఖ్య ఏ విషయంలో లోపమో చెబుతుంది, ఎఫ్ఎంఐ అనే సంఖ్య ఏ రకం లోపమో చెబుతుంది. ఎస్‌పీఎన్ 639 అంటే ఆ ప్రధాన సమాచార వ్యవస్థే, ఎఫ్ఎంఐ 9 అంటే సందేశం రావలసినంత తరచుగా రావడం లేదని. వీటిలో ఎక్కడా కారణం లేదు. కోడ్ రాసింది వినేవాడు, మాట్లాడనివాడు కాదు. పంచాయతీకి ఒక పెద్దమనిషి రాలేదని మిగతావాళ్లు చెప్పగలరు. ఆయన జ్వరంతో పడుకున్నాడో, దారిలో వాగు పొంగిందో, అసలు కబురే అందలేదో వాళ్లకు తెలియదు. అందువల్ల కోడ్ ఒక్కటి చూసి నిర్ణయానికి రావడం కన్నా, ఎవరెవరు ఎవరి మీద కోడ్ రాశారో చూడటంలో సమాచారం ఎక్కువ. అందరూ ఒకరినే రాలేదంటుంటే ఆ ఒకరికి వెళ్లే కరెంటు, ఎర్త్, ప్రధాన తీగ నుంచి చీలి వెళ్లే కొమ్మ తీగ చూడాలి. ఒకరు మాత్రం మిగతా అందరూ రాలేదంటుంటే ఆ ఒకరే విడిపోయారు. అందరూ అందరి మీదా ఫిర్యాదు చేస్తుంటే లోపం ప్రధాన తీగలోనో, దాన్ని పట్టి కిందికి లాగుతున్న ఏదో ఒక పెట్టెలోనో ఉంటుంది. ఈ పని కాగితం మీద రాసుకుని చేయాలి, ఎందుకంటే కోడ్లు చెరిపేశాక ఈ సాక్ష్యం తిరిగిరాదు. బండి షెడ్డుకు రాగానే ముందు కోడ్లు క్లియర్ చేసే అలవాటు ఈ కారణంగానే ప్రమాదకరం.

తీగలే ముందు ఎందుకు

సందేశం ఆగడానికి సిద్ధాంతరీత్యా కంట్రోలరూ కారణం కావచ్చు, తీగా కావచ్చు. అలాంటప్పుడు తీగనే ముందు అనుమానించడానికి ఆధారమేమిటి? మొదటిది వయసు పనిచేసే తీరు. కంట్రోలర్ కదిలే భాగాలు లేని పెట్టె. లోపలి బోర్డును తేమ తగలకుండా మూసి, రబ్బరు దిమ్మల మీద బిగిస్తారు. వైరింగు మాత్రం ఇంజిన్ వేడి మీదుగా, పంపు పక్కగా, క్యాబిన్ అడుగున ఇనుప అంచులను ఒరుసుకుంటూ పోతుంది. బ్రేకర్ బిగించి రాయి కొట్టే బండిలో ఆ ఒరుసుకోవడం రోజంతా సాగుతుంది. అదిరినప్పుడల్లా కప్లర్ లోపలి పిన్నులు వెంట్రుకవాసి కదిలి, మీది పూత అరిగి, అక్కడ సన్నని తుప్పుపొర కడుతుంది. మరమ్మతు కోసం ఒకసారి విప్పిన క్లిప్పులు తిరిగి పెట్టకపోతే తీగ వేలాడుతుంది. గ్రానైటు పొడి తనంతట తాను కరెంటు పారనివ్వదు గానీ తేమను పట్టి ఉంచుతుంది, తీగ పైతొడుగును అరగదీస్తుంది. ఈ పడమటి మండలాల్లో నైరుతి వానలూ, అక్టోబరు తర్వాత ఈశాన్య వానలూ రెండూ పడతాయి. రాత్రి మంచు దిగిన కప్లర్‌తో ఉదయం మొరాయించి, ఎండెక్కాక మామూలైపోయే బండిలో తేమను అనుమానించడం సబబు. ప్రెషర్ పంపుతో ఇంజిన్ గది కడిగిన మర్నాడు మొదలైన లోపం సంగతి వేరే చెప్పక్కర్లేదు. నిలిపి ఉంచిన బండ్లలో ఎలుకలు కొరకడం ఇంకో మామూలు కారణం.

రెండో ఆధారం మనిషి చేతి జోక్యం. పాత బండిలో కంపెనీ పెట్టని తీగలు ఎన్నో ఉంటాయి. అదనపు లైట్లు, ఫ్యాన్లు, బ్రేకర్ స్విచ్చు, అప్పిచ్చినవాళ్లో ఓనరో పెట్టించిన జీపీఎస్ పెట్టె, అన్నీ దగ్గర్లో కనిపించిన తీగ నుంచే కరెంటు తీసుకుంటాయి. జీపీఎస్ పెట్టెను కంట్రోలర్ కరెంటు తీగకు తగిలించి టేపు చుడితే ఆ జాయింటు పచ్చబడటానికి ఒక వానాకాలం చాలు. ఇంజిన్ గంటలు చదవడం కోసం నేరుగా క్యాన్ తీగలకే పొడవైన కొమ్మ కలిపితే ఇంకా ఇబ్బంది. జే1939 ప్రకారం కొమ్మ తీగ ఒక మీటరుకు మించకూడదు. బకెట్‌కో బూమ్‌కో వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపును దూరంగా చాసిస్‌కు పెట్టి, బ్యాటరీ టెర్మినల్సు విప్పకుండా, కంట్రోలర్ కప్లర్లు తీయకుండా పని కానివ్వడం ఈ జాబితాలో అన్నిటికన్నా చెడ్డది. ఆ కరెంటు తిరిగివెళ్లే దారిలో కంట్రోలర్లూ ఉంటాయి. ఇంజిన్ నడుస్తుండగా కటాఫ్ స్విచ్చు ఆపినా అంతే. పోటును అణిచే ఏర్పాటు లేని ఆల్టర్నేటర్ అయితే ఆ క్షణంలో 24 వోల్టుల వ్యవస్థ మీద వంద వోల్టులు దాటిన పోటు రావచ్చు. ఈ చివరి రెండూ నిజంగా కంట్రోలర్లను చంపుతాయి. కాబట్టి కంట్రోలర్ ఎప్పుడూ చెడదని ఎవరూ అనలేరు. చెడిందని తేల్చేముందు అది చావడానికి తగిన సంఘటన ఏదైనా జరిగిందా అని ఆపరేటరును అడగాలి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీటరు చెప్పలేనిది చెబుతుంది.

మీటరుతో ఎంతదూరం

మొదటి పరీక్ష క్యాన్ తీగలది కాదు, కరెంటుది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులిస్తాయి. స్టార్టరు తిరిగే ఆ రెండు క్షణాల్లో వోల్టేజీ బాగా పడిపోతే కంట్రోలర్ ఆగి మళ్లీ లేస్తుంది. లేచేలోపు మిగతావి దాని మీద కోడ్ రాసేస్తాయి. అలాంటి కోడ్‌కు మందు కొత్త బ్యాటరీ కావచ్చు, శుభ్రం చేసిన టెర్మినల్ కావచ్చు. కంట్రోలర్ కప్లర్ దగ్గర కరెంటు ఉందా అని మీటరు పెట్టి చూడటం కూడా చాలదు. ఇరవై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు పూర్తి 24 చూపిస్తుంది, కంటిన్యుటీ బీప్ కొడుతుంది. దాని మీద లోడ్ పడగానే కూలిపోతుంది. అందుకే కప్లర్ విప్పి, కంట్రోలర్ స్థానంలో 24 వోల్టుల బల్బును కరెంటు, ఎర్త్ పిన్నుల మధ్య కలిపి, అది పూర్తి వెలుగిస్తోందో లేదో చూడాలి. వెలుగుతున్నప్పుడే ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. అక్కడ అర వోల్టు దాటి కనిపిస్తే ఎర్త్ దారి మంచిది కాదు. ఎర్త్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ప్రమాణం ప్రకారం ఒక కంట్రోలర్ తన ఎర్త్‌తో పోల్చి మైనస్ 2 నుంచి ప్లస్ 7 వోల్టుల లోపు ఉన్న సంకేతాలనే భరించగలగాలి. చాసిస్‌కు బిగించిన ఎర్త్ పట్టీ తుప్పు పట్టి రెండు కంట్రోలర్ల ఎర్త్‌ల మధ్య తేడా పెరిగితే తీగలు రెండూ నిక్షేపంగా ఉన్నా సంభాషణ చెడుతుంది. స్టార్టరు తిప్పినప్పుడో, బూమ్ మీద పూర్తి లోడ్ పడినప్పుడో మాత్రమే వచ్చే లోపాలకు ఇది ఒక మంచి వివరణ.

తర్వాతే క్యాన్ తీగలు. బ్యాటరీ విప్పి, హైకీ లోకీ మధ్య ఓమ్‌లు కొలవాలి. కరెంటు ఉండగా కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. తొమ్మిది పిన్నుల గుండ్రని డయాగ్నస్టిక్ సాకెట్ ఉన్న బండ్లలో సీ, డీ పిన్నులు ఇందుకు సరిపోతాయి. లేనివాటిలో ఏదో ఒక కంట్రోలర్ కప్లర్ దగ్గర చూడాలి. రెండు 120లు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివరి రెసిస్టరు లేదు, లేదా మధ్యలో తీగ తెగింది. రెండు చివరి రెసిస్టర్లనూ విప్పి విడివిడిగా కొలిచి, రెండూ 120 చూపితే తెగింది మధ్యలోనే. సున్నా దగ్గర వస్తే రెండు తీగలు ఒరుసుకుని కలిసిపోయాయి. అన్నిటిలో ఆసక్తికరమైనది 40. వాడిన బండ్లకే ప్రత్యేకమైన అంకె అది. మూడో రెసిస్టరు ఎక్కడి నుంచో వచ్చి చేరిందని అర్థం. కొన్ని కంట్రోలర్లలో 120 ఓమ్‌లు లోపలే ఉంటాయి, అదే కంపెనీ వేరే మోడల్‌లో ఉండవు. ఎప్పుడో పాత ఇనుప బండి నుంచి తెచ్చి పెట్టిన పెట్టె ఈ 40కి కారణం కావచ్చు. ఆ బండి కొన్నాళ్లు నడుస్తుంది కూడా, ఎందుకంటే తక్కువ పొడవులో క్యాన్ ఎంతో ఓర్చుకుంటుంది. ఓర్పు హద్దులో నడుస్తున్న వ్యవస్థ కాస్త తేమకో, కాస్త ఎర్త్ తేడాకో కుప్పకూలుతుంది. అప్పుడు నింద తేమ మీద పడుతుంది, మూడో రెసిస్టరు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

కరెంటు వేసి, చాసిస్‌తో పోల్చి రెండు తీగల వోల్టేజీ చూస్తే ఇంకొంత తెలుస్తుంది. సందేశాలు పారుతుంటే మీటరు సగటునే చూపగలదు కాబట్టి హై 2.5కి కాస్త పైన, లో కాస్త కింద ఉంటాయి. రెండూ కలిపి 5కి దగ్గరగా ఉండాలి. ఒకటి సున్నాకి అంటుకుంటే చాసిస్‌కు తగిలింది. ఒకటి 5కి మించి బ్యాటరీ వైపు ఎక్కితే ఏదో కరెంటు తీగతో కలిసింది. రెండూ కదలకుండా 2.5 దగ్గర ఉండిపోతే తీగలు బాగున్నాయి, మాట్లాడేవాళ్లే లేరు, కాబట్టి మళ్లీ కరెంటు, ఎర్త్ దగ్గరికి వెళ్లాలి. అందరూ అందరి మీదా ఫిర్యాదు చేసే సందర్భంలో ఒక్కొక్క కంట్రోలర్‌నూ విప్పుతూ ఈ అంకెలు గమనించాలి. ఒకటి విప్పగానే మిగతావి మాట్లాడటం మొదలైతే దోషి దొరికినట్టే అనిపిస్తుంది. ఇంకో అడుగు మిగిలే ఉంది. కంట్రోలర్ దగ్గరి కప్లర్ విప్పితేనే బాగుపడుతోందా, లేక ఆ కొమ్మ ప్రధాన తీగలో కలిసే జాయింటు దగ్గర విప్పితేనే బాగుపడుతోందా? మొదటిదైతే పెట్టె. రెండోదైతే మధ్యనున్న తీగ. కంట్రోలర్ మీద నేరం రుజువయ్యేది ఇక్కడ, ఈ చివరి పరీక్షలో. చివరి రెసిస్టరు లోపలే ఉన్న కంట్రోలర్‌ను విప్పితే 60 కాస్తా 120 అవుతుందని గుర్తుంచుకోకపోతే కొత్త లోపం పుట్టిందని భ్రమపడతాం.

అప్పుడప్పుడు వచ్చి పోయే లోపం అన్నిటికన్నా మొండిది. క్యాన్‌లో ప్రతి కంట్రోలరూ తన తప్పులను తానే లెక్కపెట్టుకుంటుంది. పంపిన సందేశం చెడిపోయిన ప్రతిసారీ లెక్క 8 పెరుగుతుంది, సరిగ్గా వెళ్లినప్పుడు ఒకటి తగ్గుతుంది. 255 దాటితే అది తనంతట తాను మౌనం వహిస్తుంది. ఇతరుల సంభాషణ చెడకుండా తప్పుకోవడం దాని ధర్మం. కొన్ని కంట్రోలర్లు స్విచ్చు ఆపి మళ్లీ వేసేదాకా తిరిగి నోరు విప్పవు. స్విచ్చు ఆపి వేస్తే సరిపోతోంది కదా, పెట్టెలోనే ఏదో తిక్క అని దీన్ని అర్థం చేసుకుంటారు. లెక్క అలా ఎక్కడానికి బయట తీగలో తరచుగా జరిగే అంతరాయమే చాలు. ఇంజిన్ నడుస్తుండగా తీగల కట్టను అంగుళం అంగుళం కదిలిస్తూ, కప్లర్లను మెల్లగా లాగి చూస్తూ, ఏ చోట కదిలిస్తే మానిటరు మినుకుమంటోందో పట్టుకోవడం దీనికి పాతకాలపు పద్ధతి. అది ఇప్పటికీ పనికొస్తుంది.

ఆక్షేపణలు

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. 4 మైక్రోసెకన్ల బిట్‌ను మల్టీమీటరు ఎలా చూస్తుంది? చూడదు. అంచులు గుండ్రబడిన సంకేతం, మధ్యమధ్య చెడుతున్న సందేశం దానికి కనబడవు. అందుకు ఆసిలోస్కోపు కావాలి. కానీ మల్టీమీటరు సంకేతాన్ని చూడాల్సిన అవసరమే లేదు, సంకేతం బతకడానికి కావలసిన పరిస్థితులు ఉన్నాయో లేవో అది చూస్తుంది. పాత బండిలో పోయేవి చాలావరకు ఆ పరిస్థితులే. అన్నీ సరిగా ఉండి కూడా లోపం వదలకపోతే అప్పుడు ఆసిలోస్కోపును తెప్పించడం న్యాయం. మొదటిరోజే దాన్ని పట్టుకుని ఎర్త్ పట్టీ చూడకపోవడం న్యాయం కాదు.

రెండో ఆక్షేపణ కంపెనీ సాఫ్ట్‌వేరు గురించి. క్యాటర్‌పిల్లర్‌కు ఈటీ, హిటాచికి ఎంపీడీఆర్, జేసీబీకి సర్వీస్‌మాస్టర్ ఇలా ఎవరిది వారికే ఉంది. అవి లేకుండా బయటి మెకానిక్ ఏం చేస్తాడన్నది ప్రశ్న. ఇందులో సగం నిజం. కొత్త కంట్రోలర్‌కు బండి వివరాలు ఎక్కించడం, ఇంజెక్టర్ల కోడ్లు నమోదు చేయడం, తాళం చెవి రక్షణను జత కలపడం అవి లేకుండా కుదరవు. కానీ కోమట్సు సహా ఎన్నో కంపెనీల బండ్లలో కోడ్లను మానిటరు మీదనే సర్వీసు మెనూలో చదవవచ్చు. కరెంటు, ఎర్త్, ఓమ్‌ల పరీక్షలకు ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. నిజానికి సాఫ్ట్‌వేరు తప్పనిసరయ్యేది కంట్రోలర్ మార్చాల్సి వచ్చినప్పుడే, కాబట్టి ఆ అవసరం ఎంత తగ్గితే బయటి మెకానిక్‌కు అంత స్వేచ్ఛ. దొరకని అసలు వస్తువు వైరింగు డ్రాయింగు. అది మోడల్‌తోనే కాదు, సీరియల్ నంబరుతోనూ మారుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద వేసిన కమిటీ వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, ఆటోమొబైళ్ల మీద దృష్టి పెట్టింది. నిర్మాణ యంత్రాలను అందులో విడిగా చేర్చలేదు. ట్రాక్టరుకు వర్తించే న్యాయం ఎక్స్కవేటరుకు ఎందుకు వర్తించదో చెప్పడం కష్టం. చదువులోనూ ఇలాంటి సందు ఒకటుంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ రెండు వేర్వేరు ట్రేడులు. ఈ లోపం ఆ రెండింటి నడుమ పడుతుంది.

మూడో మాట ఓనర్లది. బండి నిలబడితే గంట బాడుగ పోతుంది, డ్రైవరు జీతం ఆగదు, కంతు ఆగదు. ఇంకో బండి నుంచి పెట్టె తెచ్చి పెట్టి చూస్తే పదినిమిషాల్లో తేలిపోతుంది కదా అంటారు. పక్కపక్కనే ఒకే మోడల్, ఒకే సీరియల్ శ్రేణి బండ్లు రెండుంటే ఇది నిజంగానే మంచి పరీక్ష. అది కూడా కరెంటు, ఎర్త్ చూశాకే, ఎందుకంటే మొదటి పెట్టెను చంపిన షార్టు రెండోదాన్నీ చంపుతుంది. వేరే మోడల్ పెట్టె అయితే పైన చెప్పిన 40 ఓమ్‌ల కథ మొదలవుతుంది, తాళం చెవి రక్షణ అడ్డుపడుతుంది, పంపు సెట్టింగులు తప్పుతాయి. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మదనపల్లెకో కుప్పానికో ఆ పెట్టె తెప్పించే వ్యవధిలో కరెంటు నుంచి కొమ్మ తీగ దాకా పరీక్షలన్నీ పూర్తవుతాయి.

ఈ కంప్యూటర్ల గొడవే వద్దు, తీసేసి నేరుగా కేబుల్ పెట్టేద్దాం అనే పరిష్కారం ఇంకొకటి. గవర్నర్ మోటారు తరం బండ్లకు అది పనిచేసింది, ఎందుకంటే అక్కడ ఇంజెక్షన్ పంపు యాంత్రికం. ఆ అనుభవం నుంచే ఈ మాట పుట్టింది. కామన్ రెయిల్ ఇంజిన్‌కు అది వర్తించదు. వెయ్యి బార్లు దాటిన పీడనాన్ని, ఇంజెక్టరు తెరిచే క్షణాన్ని ఏ కేబులూ నడపలేదు. పంపు వైపు సోలినాయిడ్‌కు స్థిరమైన కరెంటు ఇచ్చి నడిపించవచ్చు. కోమట్సు లాంటి కంపెనీలు అత్యవసర స్విచ్చు ఇచ్చింది కూడా ఇలాంటి అవసరానికే. అయితే దాని ఉద్దేశం బండిని గుంటలోంచి బయటికి తెచ్చుకోవడం. అలాగే నెలల తరబడి నడిపితే ఇంజిన్ బలానికి, పంపు లాగే లోడ్‌కు పొంతన కుదరక డీజిలు ఎక్కువ తాగుతుంది, బరువైన తవ్వకంలో ఇంజిన్ కుంగిపోతుంది.

కొనుగోలు సమయంలో ఈ పరిజ్ఞానం ఇంకా చవకగా పనికొస్తుంది. కొత్త పెయింటు కింద ఏముందో తెలియని బండికి బ్యాటరీ విప్పి ఓమ్‌లు కొలవడం, పాత కోడ్ల చరిత్ర చూడటం, కోడ్లన్నీ ఆ ఉదయమే చెరిపేసి ఉంటే ఎందుకని అడగడం, ఇంజిన్ కంట్రోలర్‌లోని గంటలకూ మానిటరు చూపే గంటలకూ పొంతన ఉందేమో పోల్చడం అరపూట పని. గంటలు కలవకపోతే రెండింటిలో ఒకటి మార్చారని అర్థం, మార్చడానికి కారణం అమ్మేవాడు చెప్పాలి. తీగల కట్టలో కంపెనీ తొడుగు మీద చుట్టిన ఇన్సులేషన్ టేపు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టినా బండి గతం కొంత బయటపడుతుంది.

లోపం దొరికాక చేసే జాయింటు మళ్లీ లోపం కాకూడదు. తెగిన క్యాన్ తీగను ఏదో ఒక తీగతో చేర్చి టేపు చుట్టడం కుదరదు. అదే మందం తీగను, అదే మెలికతో, రెండు తీగల జాయింట్లు ఒకదానికొకటి తగలకుండా ముందువెనకలుగా వేసి, సరైన స్లీవు నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టంతో మూసి, కదలకుండా క్లిప్పు బిగించాలి. అదిరే చోట గట్టి టంకం పోస్తే టంకం ఆగిన అంచు దగ్గర తీగ విరుగుతుంది కాబట్టి నొక్కే జాయింటే మేలు. కప్లర్‌లో పచ్చబడిన పిన్నును గీకి శుభ్రం చేస్తే పూత పోయి త్వరగా మళ్లీ తుప్పు పడుతుంది, పిన్ను మార్చడమే సరి. వాడని జీపీఎస్ కొమ్మలుంటే మొదలంటా తీసేయాలి. తర్వాత బ్యాటరీ విప్పి మరోసారి 60 వచ్చిందని చూసుకుని, కోడ్లు అప్పుడు చెరిపి, బండిని పూర్తి లోడ్ మీద, బ్రేకర్ బిగించి ఉంటే బ్రేకర్‌తోనే, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపాలి. ఏ జాయింటు ఎక్కడ వేశారో, ఏ అంకెలు వచ్చాయో తేదీతో ఒక కాగితం మీద రాసి క్యాబిన్‌లోని పత్రాలతో ఉంచితే, డ్రాయింగు లేని ఆ బండికి అదే మొదటి డ్రాయింగు అవుతుంది.